గోదావరి డెల్టా నీటి మొక్కలతో ఇంటి ఆక్వేరియం: ఎక్కడ వెతకాలి, ఎలా తీయాలి, ఎలా నాటాలి

షాపులో డబ్బు పోసి కొన్న మొక్క మే నెలలో ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలు దాటగానే కరిగిపోవడం గోదావరి జిల్లాల్లో ఆక్వేరియం పెట్టినవాళ్ళందరికీ తెలిసిన బాధే. అదే మే నెలలో, అదే ఎండకి, ఊరి చెరువులో నాచు నిగనిగలాడుతూ ఉంటుంది. షాపుల్లో కట్ట కట్టి అమ్మే వాలిస్నేరియా, అంబులియా, హార్న్‌వర్ట్ మన కాలువల్లో, చేలల్లో, చెరువుల్లో వాటంతట అవే పెరిగేవే. మన వేడికీ మన నీటికీ అలవాటుపడిన మొక్కలు కాబట్టి ఇంట్లో కూడా ఇవే బాగా నిలబడతాయి.

అయితే బయటి నుంచి తెచ్చిన మొక్కతో పాటు జలగ, నత్త గుడ్లు, తూనీగ పిల్ల, పురుగుమందు కూడా రావచ్చు. అందుకే ఈ పనిలో నీళ్ళలోకి దిగి మొక్క తీయడం చిన్న భాగం. ఎక్కడ తీయాలో ముందే తేల్చుకోవడం, తెచ్చాక నెల రోజులు ఓపిక పట్టడం, ఈ రెండే అసలు పని.

ఎప్పుడు వెళ్ళాలి

డెల్టాలో నీటి మొక్కల కాలం కాలువల కాలంతోనే నడుస్తుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి నీటికి ఒక వరస ఉంది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి జూన్‌లో నీళ్ళు వదులుతారు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) పంటలు అయ్యాక ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్ళకండి. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజులవి. చెయ్యి పెడితే వేళ్ళు కనపడనంత ఒండ్రు ఉంటుంది. మునిగి పెరిగే మొక్కలకు వెలుతురు అందదు, మీకు అడుగు కనపడదు, ప్రవాహం వడిగా ఉంటుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నీళ్ళు తేటపడతాయి, చలికి మొక్కలు గట్టిగా, పొట్టిగా, మంచి రంగుతో ఉంటాయి. సార్వా కోతలు అయ్యి దాళ్వా దమ్ము మొదలయ్యే లోపు చేలల్లో తడి నేల మీద రోటాలా, లిమ్నోఫిలా లాంటి చిన్న మొక్కలు గుబురుగా కనపడతాయి. దమ్ము పట్టారంటే అవన్నీ బురదలో కలిసిపోతాయి కాబట్టి, అప్పుడు మీరు తీసుకున్నవాటి వల్ల ఎవరికీ నష్టం లేదు.

రెండో అవకాశం కాలువలు కట్టేసిన కొత్తల్లో. నీరు తీసేశాక కాలువ అడుగున అక్కడక్కడా గుంటలు మిగులుతాయి. వాటిలో చిక్కుకున్న వాలిస్నేరియా, హైడ్రిల్లా వారం పది రోజుల్లో ఎండిపోయేవే. పూడిక తీసేటప్పుడు గట్టు మీద పోసిన నాచు కుప్పల్లోంచి కూడా ఏరుకోవచ్చు, కానీ తీసిన పూటే ఏరాలి. ఒక్క మధ్యాహ్నం ఎండ తగిలితే పనికిరావు. నాకైతే ఈ రెండో పద్ధతే ఎక్కువ ఇష్టం. ఎటూ పోయే మొక్కను తెచ్చుకుంటున్నామన్న తృప్తి ఉంటుంది.

ఎక్కడ వెతకాలి, ఎక్కడ వద్దు

ముందు వద్దనేవి చెప్తాను, ఎందుకంటే మొక్కలు చూడగానే మనసు ఆగదు.

కొల్లేరు, కోరంగి రెండూ అభయారణ్యాలు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా మొక్క తీయడం నేరం. అక్కడికి చూడటానికి వెళ్ళండి, తీయడానికి వద్దు. పంచాయతీ మంచినీళ్ళ చెరువుల్లో కూడా దిగకూడదు. ఊరంతా తాగే నీళ్ళవి.

రొయ్యల చెరువులు, వాటి నీళ్ళు వదిలే బోదెలు పూర్తిగా వదిలేయండి. ఆ నీళ్ళలో ఉప్పుతో పాటు బ్లీచింగ్, రకరకాల మందులు ఉండొచ్చు. పైగా చెరువుల చుట్టూ, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకు వేసిన కరెంటు తీగలుంటాయి. తడి గట్టు మీద, తడి చేతులతో ఆ దగ్గర తిరగడం ప్రాణాపాయం. ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళు, చెరువుల నీళ్ళు కలిసే మురుగు డ్రెయిన్లూ అంతే. డ్రెయిన్‌లో మొక్క ఎంత ఏపుగా ఉంటే అంత అనుమానించాలి.

ఇక వెతకాల్సిన చోట్లు. పంట కాలువ నుంచి చీలిన చిన్న బోదెలు అన్నిటికంటే నమ్మకమైనవి. నీళ్ళు మెల్లగా పారుతూ ఉంటాయి, లోతు మోకాలికి మించదు, గట్టు మీద కూర్చునే చెయ్యి పెట్టొచ్చు. పెద్ద కాలువలైతే రేవు మెట్ల పక్కన మాత్రమే చూడండి. లాకుల దగ్గర, తూముల దగ్గర అస్సలు దిగొద్దు. పైకి నిదానంగా కనపడినా లోపల లాగుడు ఉంటుంది. చేపలు పెంచని పాత చెరువులు, గుడి కోనేరులు, వరద తగ్గాక లంకల్లో మిగిలిన మడుగులు కూడా మంచివే. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్తే నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది. అక్కడి మొక్కను మంచినీళ్ళ ట్యాంకులో వేస్తే తట్టుకుంటుందో లేదో చెప్పలేం. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించే, చేతిలో ఇమిడే టీడీఎస్ మీటర్ ఒకటి వెంట ఉంచుకుంటే 500 లోపు చూపించిన చోట్లే తీయొచ్చు.

మందుల సంగతి తెలుసుకోవడానికి మీటరు లేదు, రైతునే అడగాలి. ఎలాగూ ఆయన పొలం గట్టెక్కే ముందు అడగాల్సిందే కదా. "బాబాయ్ గారూ, ఈ నాచు కాస్త తీసుకోమంటారా?" అంటే చాలామంది "కలుపే కదండీ, పట్టుకెళ్ళండి" అనే అంటారు. ఆ మాటల్లోనే "ఈ మధ్య మందు ఏమన్నా కొట్టారా?" అని అడిగేయండి. నాట్లు వేసిన కొద్ది రోజుల్లోపే బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ లాంటి కలుపు మందులు వాడతారు. ఆ తర్వాత పురుగుమందులు. మందు కొట్టి నెల కాలేదంటే ఆ చేను, దాని కింద బోదె రెండూ మానేయండి. పంచాయతీ చెరువును వేలం పాటలో ఎవరైనా పాడుకుని ఉంటే పాటదారుని అడగాలి. అడగకుండా దిగితే చేపలు పట్టుకుంటున్నారనుకుంటారు.

నీటిని చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. పరిగె చేపలు తిరుగుతున్నాయా, చిన్న రొయ్యలు గంతులేస్తున్నాయా, తూనీగలు వాలుతున్నాయా చూడండి. పురుగుమందుకు ముందు పోయేవి రొయ్యలు, పురుగులే. మొక్కలు పచ్చగా ఉండి ప్రాణి ఒక్కటీ కనపడని నీళ్ళను నేను ముట్టుకోను.

ఏ మొక్కలు తెచ్చుకోవచ్చు

ఊళ్ళో ఎవరిని అడిగినా నీళ్ళలో పెరిగే ప్రతిదాన్నీ నాచు అనే అంటారు. కాబట్టి చూసి గుర్తుపట్టడం మనమే నేర్చుకోవాలి.

వాలిస్నేరియా: నీళ్ళ అడుగున రిబ్బన్‌లా పొడుగాటి ఆకులు, కాండం లేదు, అన్ని ఆకులూ వేరు దగ్గర నుంచే లేస్తాయి. పారే నీళ్ళలో ఆకులన్నీ ఒకే వైపుకి వాలి ఉంటాయి. చలికాలంలో జాగ్రత్తగా చూస్తే దీని పూత కనపడుతుంది. ఆడపువ్వు సన్నటి పొడవాటి కాడ చివర నీటి మట్టం మీద విచ్చుకుంటుంది. మగపూలు మట్టి దగ్గరే పుట్టి, తల్లి మొక్క నుంచి తెగి, ఆవగింజ కన్నా చిన్న తెల్ల నలుసుల్లా పైకి తేలి వస్తాయి. గాలికి కొట్టుకుపోతూ ఆడపువ్వు దగ్గర నీళ్ళలో ఏర్పడిన చిన్న పల్లంలోకి జారతాయి. అది అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా మెలి తిరిగి కాయను నీళ్ళ కిందకి లాక్కుంటుంది. ట్యాంకులో ఇది అరుదుగా చూస్తాం, బోదె గట్టు మీద కూర్చుంటే చూడొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు తెచ్చుకోవాల్సిన మొక్క ఇదే.

హైడ్రిల్లా: ప్రతి కణుపు దగ్గరా నాలుగు నుంచి ఎనిమిది చిన్న ఆకులు చక్రంలా ఉంటాయి. వేళ్ళ మధ్య పెట్టి లాగితే గరుకుగా తగులుతుంది. ఆకు అంచున ఉన్న పళ్ళవి. ఎక్కడైనా బతుకుతుంది, అదే దానితో చిక్కు కూడా. చిన్న ముక్క నుంచి, మట్టిలో దాగిన గింజంత దుంప నుంచి మళ్ళీ లేస్తుంది. 1950లలో ఆక్వేరియం వ్యాపారం ద్వారా శ్రీలంక నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్ళిన హైడ్రిల్లా అక్కడి చెరువులను, కాలువలను కమ్మేసింది. ఇంట్లో కొత్త ట్యాంకు నీటిని తేటపరచడానికి బాగా పనికొస్తుంది, కానీ మట్టిలో నాటకుండా తేలేలా వదలండి.

హార్న్‌వర్ట్, అంటే సెరటోఫిల్లం: ముదురాకుపచ్చ కుంచెలాంటి తోక, వేర్లు ఉండవు. ఆకులు చివర రెండుగా చీలి ఉంటాయి. నిలవ నీళ్ళ చెరువుల్లో దొరుకుతుంది.

లిమ్నోఫిలా: షాపుల్లో అంబులియా అని అమ్మేది. చేలల్లో, లోతు తక్కువ బోదెల్లో ఉంటుంది. నీళ్ళ లోపలి ఆకులు సన్నగా చీలికలై కణుపు చుట్టూ ఉంటాయి, నీళ్ళ పైకి వచ్చిన ఆకులు మామూలు ఆకుల్లా ఉంటాయి. ఒకే కాడ మీద రెండు రకాల ఆకులు చూసి రెండు మొక్కలు అనుకోకండి. నలిపితే ఘాటైన వాసన వచ్చే రకాలూ ఉన్నాయి. కబోంబా కూడా ఇలాగే కనపడుతుంది కానీ దాని ఆకుకి చిన్న కాడ ఉంటుంది, కణుపుకి ఎదురెదురుగా రెండే ఉంటాయి. అది అమెరికా ఖండాల మొక్క.

రోటాలా, అగ్నివేండ్రపాకు: వరి చేలల్లో, గట్ల అంచున ఉండే చిన్న మొక్కలు. కాండం ఎర్రగా, ఆకులు జంటలుగా ఉంటాయి. ట్యాంకుకి రంగు తెచ్చేవి ఇవే. వెలుతురు బాగా కావాలి.

నీళ్ళలో పెరిగే ఫెర్న్, సెరటాప్టెరిస్: చేలల్లో లేత కొత్తిమీర రంగులో, చీలిన ఆకులతో కనపడుతుంది. ముదురు ఆకు అంచున పిల్ల మొక్కలు పుడతాయి. పెద్ద మొక్కను కదపకుండా ఆ పిల్లల్ని గిల్లుకు వస్తే చాలు.

గట్టు మీది మొక్కల్లో జలబ్రహ్మి, పొన్నగంటి, నాలుగాకుల చిక్కిలింత కూడా పనికొస్తాయి. పొన్నగంటి కొన్నాళ్ళు మునిగి ఉంటుంది కానీ శాశ్వతంగా ఉండదు, నేనైతే ట్యాంకులో పెట్టను. జలబ్రహ్మి మాత్రం నిదానంగానే అయినా నీళ్ళ లోపల చక్కగా నిలబడుతుంది. చిక్కిలింతను ట్యాంకు ముందు వరసలో పెడితే అందంగా ఉంటుంది.

దుంప మొక్కల్లో అపోనోజెటాన్, కలువ. తామర ఇంటి ట్యాంకుకి పెద్దది. ఒట్టీలియా చూడగానే ఆశ పుడుతుంది, నీళ్ళ లోపల పాలకూరంత వెడల్పు ఆకులు, పైన తెల్లని పువ్వు. కానీ ఆకులు పెళుసు, ఇంటికి తెచ్చేసరికి విరిగిపోతాయి, పైగా ఏడాది మొక్క. దాని కాయ ఒకటి తెచ్చి విత్తనాలు మొలిపించుకోవడం మేలు.

గుర్రపుడెక్క, సాల్వీనియా అసలు తేవద్దు. అంతరతామర రెండు మొక్కలు చాలు, నెలలో ట్యాంకు పైభాగం నింపేస్తుంది.

వెంట తీసుకెళ్ళాల్సినవి, చూసుకోవాల్సినవి

మూత ఉన్న బకెట్, జిప్ కవర్లు, పాత న్యూస్‌పేపర్లు, కత్తెర, చిన్న థర్మోకోల్ పెట్టె, మార్కర్ పెన్ను, పొడవాటి కర్ర. చేపల మార్కెట్ దగ్గర థర్మోకోల్ పెట్టెలు దొరుకుతాయి, బాగా కడిగి వాడాలి. మన జిగట మట్టిలో గమ్‌బూట్లు దిగబడిపోయి కాలు బయటికి రాదు. గట్టిగా బిగించే శాండల్స్ మేలు.

ఒక్కరే వెళ్ళకండి. కర్రతో ముందు గడ్డిని తట్టి, లోతు చూసి, తర్వాతే కాలు పెట్టండి. నీళ్ళలో కనపడే నీరుకట్టు పాముకి విషం లేదు, కానీ గట్ల మీద తాచు, రక్తపింజర తిరుగుతాయి. కాలికి పుండు, కోత ఉంటే ఆ రోజు మానేయండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. వెళ్ళొచ్చాక కొన్ని రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే బురదలో దిగిన సంగతి డాక్టరుకి చెప్పాలి. ఇంటికి రాగానే సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి.

తీసే పద్ధతి

పొద్దున్నే వెళ్ళి పది గంటలకల్లా ముగించుకోండి. తీయబోయే ముందు ఒక్క నిమిషం ఆగి ఆ చోటును రాసుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నీళ్ళ లోతెంత, పారుతున్నాయా నిలిచాయా, నీడా ఎండా, అడుగున జిగట మట్టా ఇసుకా, నీళ్ళ వేడి ఎంత. ఇంట్లో ఆ మొక్కకి ఏం కావాలో ఈ వివరాలే చెప్తాయి. చింతచెట్టు నీడన పెరిగిన వాలిస్నేరియాకి మామూలు లైటు చాలు. నడి చేలో బెత్తెడు నీళ్ళలో పెరిగిన రోటాలాకి ఎంత లైటు పెట్టినా చాలదు.

కాడ మొక్కల్ని పీకొద్దు. కొనల నుంచి జానెడు లోపు, కణుపు కింద కత్తెరతో కోయండి. వేరుతో పీకిన పాత కాండం ఇంట్లో ఎలాగూ కుళ్ళుతుంది, కోసిన లేత కొన వారంలో వేరు వేస్తుంది. కింద మిగిలిన మొద్దు అక్కడే మళ్ళీ చిగురిస్తుంది.

వాలిస్నేరియాకి తల్లి మొక్క నుంచి అడ్డంగా తీగ సాగి పిల్లలు పుడతాయి. మూడు నాలుగు ఆకులున్న పిల్లను చూసుకుని, మట్టిలోకి వేళ్ళు పెట్టి వేర్లతో సహా మెల్లగా ఎత్తి, తీగను కత్తిరించండి. తల్లిని వదిలేయండి. ఆకు పట్టుకుని లాగితే ఆకు చేతికొస్తుంది, మొక్క మట్టిలో ఉండిపోతుంది.

అపోనోజెటాన్ దుంప ఒక్కటి చాలు, నొక్కి చూస్తే గట్టిగా ఉండాలి. కాయలు ముదిరి ఉంటే దుంప జోలికే వెళ్ళక్కర్లేదు. గింజల్ని నీళ్ళతో తెచ్చి ఇంట్లో లోతు తక్కువ డబ్బాలో వదిలితే కొద్ది రోజుల్లోనే మొలుస్తాయి. కలువ అయితే చిన్న పిల్ల దుంపను మాత్రమే తీయాలి.

ఒక గుబురులో పదో వంతుకి మించి తీయకండి. గుబురు ఒక్కటే ఉన్న చోట, అది ఎంత నచ్చినా, ఫొటోతో సరిపెట్టుకోండి.

ఇంటికి చేర్చడం

కాడ మొక్కలను తడిపిన న్యూస్‌పేపర్లో వదులుగా చుట్టి, జిప్ కవర్లో కొంచెం గాలి ఉంచి మూసేయండి. కవరు నిండా నీళ్ళు పోస్తే కుదుపులకు నలిగి, వేడెక్కి ఉడికిపోతాయి. హార్న్‌వర్ట్, హైడ్రిల్లా మాత్రం వాటి నీళ్ళలోనే మునిగేంత వరకు ఉంచాలి. కవరు మీద ఊరు, తేదీ, నీటి రకం రాయండి. అన్నీ థర్మోకోల్ పెట్టెలో. బండి డిక్కీలో పెట్టొద్దు, ఎండలో అది పొయ్యితో సమానం.

తెల్ల టబ్బు

తెచ్చిన పూటే చేయాల్సిన పని ఇది. తెల్లటి ప్లాస్టిక్ టబ్బులో సగం నీళ్ళు పోసి, ఒక్కో కాడనూ విడిగా ముంచి ఆడించండి. తెలుపు మీద అన్నీ కనపడతాయి. లిమ్నోఫిలా గుత్తి ఒకటి ఆడిస్తే ముందు బురద దిగుతుంది, తర్వాత పుల్లముక్కలాంటిది ఒకటి అడుగుకి జారి, కాసేపు కదలకుండా ఉండి, ఆరు కాళ్ళతో నడవడం మొదలుపెడుతుంది. అది తూనీగ పిల్ల. చిన్న చేపల్ని పట్టి తినేస్తుంది, ట్యాంకులో నెలల తరబడి బతుకుతుంది. రిబ్బన్‌లా సాగుతూ ముడుచుకునేది జలగ. గట్టి వీపుతో గిరగిరా తిరిగేవి నీటి పెంకుపురుగుల జాతి, వాటి పిల్లలు కూడా మాంసాహారులే. ఆకు తిరగేసి చూస్తే పారదర్శకమైన జిగురు మచ్చ, అందులో చుక్కలు కనిపిస్తాయి. అవి నత్త గుడ్లు, గోటితో గీకేయండి.

పసుపు ఆకులు, చిరిగిన ఆకులు, మెత్తబడిన కాండం తీసేయండి. వాలిస్నేరియా ఆకులను జానెడు వదిలి కత్తిరించండి, వేర్లను రెండు అంగుళాలకు తగ్గించండి. నీళ్ళు మార్చి, అడుగున ఏమీ కనపడనంత వరకు మళ్ళీ మళ్ళీ కడగాలి. టబ్బు నీళ్ళు కాలువలో పోయకుండా మొక్కల పాదుల్లో పోయండి.

మందు స్నానం

కడిగాక కంటికి కనపడనివి మిగులుతాయి. వాటికి పొటాషియం పర్మాంగనేట్ నాకు నచ్చిన మందు. ఒక గ్రాము లీటరు నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకోండి. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు ఒక లీటరు నీళ్ళకి కలిపితే సరిపోయే గులాబి రంగు వస్తుంది. అందులో మొక్కలను 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, మంచినీళ్ళలో రెండు మూడుసార్లు కడగాలి. రంగు మధ్యలోనే గోధుమ రంగుకి తిరిగిందంటే మొక్క మీద ఇంకా బురద ఉందని, మందు దానికే ఖర్చయిపోయిందని అర్థం. మళ్ళీ కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. గ్లౌజులు వేసుకోండి, చేతికి అంటిన మరక కొన్నాళ్ళు పోదు.

నత్తల బెడద ఎక్కువున్న చెరువు నుంచి తెస్తే పటిక వాడొచ్చు. నాలుగు లీటర్లకి 15 గ్రాముల పటిక కరిగించి ఒక పూట నానబెట్టి కడగాలి. గుడ్లన్నీ పోతాయని నమ్మకం పెట్టుకోవద్దు. బ్లీచింగ్ పద్ధతి కూడా చాలామంది చెప్తారు. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ దాన్ని తట్టుకోలేవు, కాబట్టి మన మొక్కలకు దాన్ని నేను చెప్పను.

నెల రోజుల టబ్బు

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. మొక్కలను చేపలు లేని వేరే టబ్బులో, వెలుతురు బాగా పడే చోట, నేరుగా మధ్యాహ్నపు ఎండ తగలకుండా మూడు నాలుగు వారాలు ఉంచాలి. చేపలు ఎందుకు ఉండకూడదంటే, తెల్లమచ్చల జబ్బు క్రిమి, చేప పేను, లంగరు పురుగు, ఇవన్నీ చేపను పట్టుకుని బతికేవి. చేప దొరక్కపోతే మన వేడిలో ఇన్ని వారాలు నిలవలేవు. మిగిలిన నత్త గుడ్లు ఈలోపు పొదిగి పిల్లలు బయటపడతాయి, ఏరిపారేయొచ్చు. మొక్కలో ఉన్న పురుగుమందు కొంత కొంతగా దిగుతుంది. రెండు మూడు రోజులకోసారి సగం నీళ్ళు మార్చండి.

టబ్బు మీద దోమతెర తప్పనిసరి. లేకపోతే అదే దోమల కేంద్రం అవుతుంది, తూనీగ మళ్ళీ వచ్చి గుడ్లు పెడుతుంది. ఆక్వేరియంలో రొయ్యలు పెంచేవాళ్ళు ఇంకో రెండు వారాలు ఆగండి. చేప తట్టుకునే మోతాదు రొయ్యని చంపేస్తుంది.

ఈ కాలంలో చేలల నుంచి తెచ్చిన రోటాలా, లిమ్నోఫిలా పాత ఆకులు నల్లబడి కరిగిపోతాయి. అవి గాలిలో పెరిగిన ఆకులు, నీళ్ళ లోపల పనికిరావు. కొన దగ్గర కొత్త ఆకు వేరే ఆకారంలో వస్తుందేమో చూడండి. అది వచ్చిందంటే మొక్క నిలిచినట్టే. పాత భాగం కోసేసి కొత్త కొన నాటుకోవాలి.

ట్యాంకులో నాటడం

ముందు మీ ఇంటి నీళ్ళను బట్టి మొక్కను ఎంచుకోండి. కోనసీమ తీరంలో బోరు నీళ్ళు గట్టిగా (కఠిన జలం), ఉప్పగా ఉంటాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ నీళ్ళలో కరిగిన బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు, అందుకే గట్టి నీళ్ళలో అవే నిలబడతాయి. లిమ్నోఫిలా, రోటాలాకి మెత్తటి నీళ్ళు కావాలి, కాలువ నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చే మునిసిపల్ నీళ్ళు వాటికి నయం. కుళాయి నీళ్ళు ఒక రోజు నిలవ ఉంచి, లేదా సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ పోగొట్టాకే పోయండి.

అడుగుకి ఖరీదైన మట్టి కొనక్కర్లేదు. ఎరువు వేయని చోటి నల్లమట్టిని ఎండబెట్టి, చిదిమి, జల్లించి, నానబెట్టి పైనీళ్ళు పారబోస్తూ కొన్నిసార్లు కడిగి, రెండు మూడు సెంటీమీటర్లు పరచండి. పైన ముతక గోదావరి ఇసుక, కడిగితే తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి, నాలుగైదు సెంటీమీటర్లు. సముద్రపు ఇసుక వద్దు, దానిలో గవ్వ ముక్కలు, ఉప్పు ఉంటాయి.

వాలిస్నేరియాని వెనక వరసలో నాటాలి. వేర్లు ఇసుకలో, ఆకులు మొదలయ్యే తెల్లటి భాగం ఇసుక పైన ఉండాలి. అది పూడిపోతే కుళ్ళుతుంది. కాడ మొక్కలను ఒక్కొక్కటిగా, వేలెడు దూరంలో, కింద రెండు కణుపుల ఆకులు తీసి గుచ్చండి. కట్టగా గుచ్చితే మధ్యవి కుళ్ళుతాయి. అపోనోజెటాన్ దుంప సగం పైకి కనపడాలి. అది కొన్ని నెలలు పెరిగి ఆకులన్నీ రాల్చేస్తే చచ్చిపోయిందని పారేయకండి. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు నిద్రపోయే అలవాటు దానిది, దుంప గట్టిగా ఉంటే మళ్ళీ చిగురిస్తుంది.

లైటు రోజుకు ఆరేడు గంటలతో మొదలుపెట్టండి. పాచి పడితే ఇంకో గంట తగ్గించండి. షాపులో లిక్విడ్ కార్బన్ అని అమ్మే గ్లూటరాల్డిహైడ్ మందు వాలిస్నేరియా ఉన్న ట్యాంకులో వాడొద్దు, ఆకులు కరిగిపోతాయి. ఎండాకాలంలో రాత్రిపూట ఎయిర్ పంపు నడపండి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, పైగా చీకట్లో మొక్కలు కూడా దాన్నే వాడుకుంటాయి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే కారణం అదే.

కత్తిరించినవి ఏం చేయాలి

వాలిస్నేరియా నిలదొక్కుకుంటే తీగలు పాకి ట్యాంకు నింపుతుంది, హైడ్రిల్లా గురించి చెప్పనే అక్కర్లేదు. మిగిలిన కొనలు తోటివాళ్ళకి పంచేటప్పుడు ఏ ఊరి నీళ్ళలోదో కూడా రాసివ్వండి, వాళ్ళకి నాటడం తేలికవుతుంది.

పంచగా మిగిలింది కాలువలో వేయొద్దు, అది అక్కడి నుంచి తెచ్చిన మొక్క అయినా సరే. మీ ట్యాంకులోని జబ్బు, నత్త, షాపు మొక్క ముక్క దానితో పాటు వెళ్తుంది. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే, ఇవాళ కాలువల్లో దాన్ని తీయించడానికి ఏటా యంత్రాలు దించాల్సి వస్తోంది. ట్యాంకు గోడలు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప పెద్దదయ్యాక చెరువులో వదిలేయడం వల్లే రైతులు దెయ్యం చేప అని తిట్టుకునే బెడద తయారైంది. కోసిన మొక్కలను డాబా మీద గోనె పరిచి, పట్టుకుంటే పొడి అయ్యేంత వరకు ఎండబెట్టి, పూలకుండీల్లో వేయండి. హైడ్రిల్లా ఉంటే దాని కింది మట్టిని కూడా అలాగే ఎండబెట్టాలి, దుంపలు అందులోనే ఉంటాయి.